పైకప్పు మీది పల్లె

నన్ను చూడాలంటే తల పైకెత్తాలి. బొర్రా గుహల కప్పు నుంచి వేలాడే సున్నపురాయిని. గైడు కుర్రాడు టార్చి వేసి మావాళ్లకి శివపార్వతులనీ, తల్లీబిడ్డలనీ, రుషి గడ్డమనీ, మొసలనీ పేర్లు చెబుతాడు. నాకింకా ఏ పేరూ కుదరలేదు. అదీ ఒకందుకు మంచిదే. పేరున్న రాళ్ల దగ్గరే జనం ఆగుతారు. "ముట్టుకోకండి బాబూ" అని కుర్రాడు మొత్తుకుంటున్నా, "ఒరేయ్, ఫొటో తియ్‌రా" అంటూ అరచెయ్యి ఆనించేస్తారు. చేతి జిడ్డు పట్టిన చోట సున్నం సరిగ్గా పేరుకోదు మరి.

నా కండంతా పైనున్న పల్లె నేల పెట్టిన భిక్షే. చోళ్లు, సామలు, వలిసెలు పండే మట్టిలో వాన ఇంకుతుంది. కుళ్లిన ఆకుల్లోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. సున్నపురాతిని కొంచెం కొంచెం కరిగించుకుంటూ పగుళ్ల వెంట దిగి, నా కొసన చుక్కై నిలుస్తుంది. గుహ గాలి తగిలాక ఆ వాయువు పోతుంది, పిసరంత సున్నం నాకు దక్కుతుంది. చుక్క జారిపోతుంది. మళ్లీ ఇంకోటి.

అడుగున గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నదే ఈ గుహల్ని తొలిచింది. పై కంతలోంచి ఆవు పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని ఊళ్లో చెప్పుకుంటారు. శివరాత్రికి చుట్టుపక్కల కొండ ఊళ్ల జనమంతా ఇక్కడే ఉంటారు.

1960ల్లో కొండలు దద్దరిల్లాయి. బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పోవాలని కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ఖనిజం కోసం వేసిన పట్టాల మీదే యాత్రికులూ వచ్చారు.

తర్వాత మా జాతి రాయికే గిరాకీ పట్టుకుంది. కాల్సైటు, అభ్రకం తవ్వుకోమని అనంతగిరి మండలంలో బయటివాళ్లకి లీజులిచ్చారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి రెగ్యులేషను, దానికి 1970లో గట్టి సవరణ ఉండనే ఉన్నాయి. అయినా లారీలు ఆగలేదు. 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో చుక్కెదురైంది. 1997 జులై 11న సుప్రీంకోర్టు మాత్రం, ఇక్కడి ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదని, ప్రైవేటు కంపెనీ కూడా ఆ లెక్కలోకే వస్తుందని తేల్చింది. నన్నడిగితే ఈ ఊరి చరిత్రలో గుహల కంటే పెద్ద సంగతి ఇదే. లా చదివే పిల్లలు దేశంలో ఏ మూలనున్నా సమత తీర్పు చదువుతారు. ఇక్కడ టికెట్టు కొన్నవాళ్లకి మాత్రం దాని మాటే చెవిన పడదు.

నా కొస నుంచి జారిన చుక్క గోస్తనిలో కలిసి తాటిపూడి జలాశయానికి పోతుంది. అక్కణ్నుంచి విశాఖ కుళాయిలకీ నీళ్లు వెళతాయి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రానికి. అంటే నా ముందు సెల్ఫీ దిగే విశాఖవాసుల్లో కొందరు ఇంటి దగ్గర తాగేది ఈ కొండ నీళ్లే. గైడు ఆ మాట చెప్పొచ్చు. కానీ అప్పటికే ఎవరో ఒకరు మొసలి ఎక్కడని అడిగేస్తారు.