తడిగుడ్డ మండలి

ఛత్తీస్‌గఢ్‌లో కాలుష్యాన్ని అదుపు చేసే సంస్థలు రెండున్నాయి. మొదటిది రాష్ట్ర పర్యావరణ సంరక్షణ మండలి. దానికో చట్టం, భవనం, రబ్బరు స్టాంపు ఉన్నాయి. రెండోది సిల్తారా చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు. వాళ్లకో చీపురు, బకెట్టు, తడిగుడ్డ ఉన్నాయి. మొదటిది నోటీసులిస్తుంది. రెండోది పని చేస్తుంది.

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో ఉంది సిల్తారా. ఒకప్పుడు ఊరి పేరు. ఇప్పుడా పేరు చెబితే ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్ తయారుచేసే కిల్న్‌లు (బట్టీలు), రోలింగ్ మిల్లులే గుర్తొస్తాయి. టన్ను స్పాంజ్ ఐరన్ కావాలంటే టన్నున్నర ఇనుప ఖనిజం, టన్నుకు పైగా బొగ్గు కిల్న్‌లో వేసి వెయ్యి డిగ్రీల వేడిలో తిప్పాలి. ఈ సరుకు తయారీలో ప్రపంచంలో మొదటి స్థానం మన దేశానిదే. గర్వించదగ్గ విషయం. ఆ గర్వమే రోజూ తెల్లారేసరికి మేడల మీద నల్లగా పేరుకుంటుంది.

చిమ్నీలోంచి ధూళి బయటికి పోకుండా పట్టే యంత్రం ఉంది. ఈఎస్‌పీ అంటారు. రేణువులకు విద్యుదావేశం ఎక్కించి పలకలకు అంటుకునేలా చేస్తుంది. దానికున్న దుర్గుణం ఒక్కటే, కరెంటు కాలుస్తుంది. ఖర్చు మిగుల్చుకోడానికి రాత్రిళ్లు దాన్ని కట్టేస్తున్నారని జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ మాట నిజమైతే లెక్క చాలా తేలిక. మిగిలిన కరెంటు ఫ్యాక్టరీ ఖాతాలోకి, మిగిలిన మసి ఇల్లాలి ఖాతాలోకి. యంత్రం చెయ్యాల్సిన చాకిరీ మనిషికి బదిలీ అయింది. జీతం మాత్రం బదిలీ కాలేదు.

ఇందులో అసలు గొప్పతనం మన సంస్కృతిది. మసి ఫ్యాక్టరీలో ఉన్నంతసేపు ఉత్పత్తి, గాలిలో ఉన్నంతసేపు కాలుష్యం, గడప దాటి లోపలికొస్తే ఇంటిపని! గచ్చు మీద అడుగులు నల్లగా పడితే అత్తగారు తిట్టేది కోడల్ని, చిమ్నీని కాదు.

చలికాలంలో ఛత్తీస్‌గఢీ ఇళ్లలో రఖియా బడీలు పెడతారు. మినప్పిండిలో బూడిద గుమ్మడి కోరు కలిపి ఎండబెట్టేవి, మన గుమ్మడి వడియాలకు తోబుట్టువులు. చలిరాత్రుల్లో నేలను అంటుకుని ఉన్న గాలి చల్లగా, బరువుగా కదలకుండా ఉంటుంది. పొగ పైకి పోలేదు. అంటే బడీలు ఎండే కాలమూ మసి దిగే కాలమూ ఒకటే. బడీకి ఉప్పు ఇల్లాలు వేస్తుంది. ఇనుము పరిశ్రమ ఉచితంగా వేస్తుంది.

తెలుగువాళ్లం దూరంగా కూర్చుని జాలిపడక్కర్లేదు. ఇదే రాష్ట్రంలోని బైలదిల్లా ఖనిజం కిరండూల్‌లో రైలెక్కి విశాఖ రేవుకొస్తుంది. ఆ రేవు పక్కన పాతనగరంలో బొగ్గు దుమ్ము తుడుస్తున్న చేతులు ఎవరివో వేరే చెప్పాలా?

ప్రభుత్వం ఊరుకుందని నింద వెయ్యకండి. 2019లో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టింది. రాయపూర్, భిలాయ్, కోర్బా ఆ జాబితాలో ఉన్నాయి. దేశం మొత్తమ్మీద ఆ కార్యక్రమం డబ్బు ఎటు పోయిందో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీసింది. 64 శాతం రోడ్ల మీద దుమ్ముకు, పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతం కూడా లేదు. అంటే సర్కారు కూడా చివరికి చీపురునే నమ్ముకుంది. కాకపోతే దాని చీపురుకు చక్రాలుంటాయి, టెండరుంటుంది.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజసేవకు పెట్టాలి. ఏటా జూన్ 5న, పర్యావరణ దినం నాడు మొక్కలు నాటి, ఫొటోలు దిగి ఆ సేవ చెయ్యొచ్చు. ఆ మొక్కల ఆకులు తుడిచేందుకు కూడా ఎవరో ఒక ఆడమనిషి దొరక్కపోదు.

నాదొక మనవి. సిల్తారా ఆడవాళ్లు ఇన్నాళ్లూ చేసిన పనికి కూలి లెక్కగట్టి ఫ్యాక్టరీలకు బిల్లు పంపాలి. చిమ్నీలకు బిగించిన, పొగలో ధూళిని కొలిచే మీటర్లలో రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా వచ్చే అంకెలను మండలి విడిగా తీసి, పంచాయతీ గోడ మీద రోజూ అంటించాలి. ధూళిని పట్టాల్సింది చిమ్నీలో, వాకిట్లో కాదు. ఆ పని చెయ్యలేని మండలి తన స్టాంపు ఆ ఆడవాళ్లకిచ్చి, వాళ్ల తడిగుడ్డ తను తీసుకోవడం న్యాయం.