ఒక ఇంజనుకు రెండు తోకలు

బుల్లెట్ల వంతు అయిపోయింది. థార్ల వంతూ అయిపోయింది. ఇప్పుడు పికప్పుల మీద పడ్డారు. ముప్పై లక్షలు పోసి కొన్న బండిని షోరూము నుంచి తిన్నగా గుడికి, గుడి నుంచి తిన్నగా వెల్డింగు షాపుకి తోలుకెళ్ళడం కొత్త ఆచారం. నిమ్మకాయలు తొక్కించాక జరగవలసిన తర్వాతి క్రతువు ఏమిటంటే, కంపెనీవాడు పెట్టిన సైలెన్సరును కోసి పారేసి, బంపరు కింద కుడికొకటి ఎడమకొకటి మెరిసే గొట్టాలు బిగించుకోవడం. గుమ్మడికాయ కొట్టేది దీనికి ముందో వెనకో నాకింకా తెలియలేదు.

వీటిని గొట్టాలు అనకూడదట. "ఆ రెండు గొట్టాలేంటి బాబూ?" అని అడిగితే మా అపార్ట్‌మెంట్ కుర్రాడు నన్ను సరిదిద్దాడు. "గొట్టాలు కాదంకుల్, కస్టమ్ డ్యుయల్ ఎగ్జాస్ట్." పెద్దవాడు కదా, పోనీలే అన్నట్టు ఒక నవ్వు కూడా నవ్వాడు.

ముందు బండి సంగతి. పికప్పుకి వెనక తొట్టి పెట్టేది సామాను వేసుకోవడానికి. మదనపల్లె మార్కెట్టుకి టమాటా క్రేట్లు మోసే బొలేరో పికప్పును చూడండి. మోయాల్సినదానికన్నా ఎక్కువే మోస్తుంది, గుంతల్లో పడి లేస్తుంది, తెల్లారకముందే మార్కెట్లో ఉంటుంది. దానికి సైలెన్సరు ఒక్కటే. రెండోది కావాలని దాని డ్రైవరుకు ఇంతవరకూ తట్టలేదు. మా కుర్రాడి తొట్టిలో నేను చూసిన అతి పెద్ద బరువు ఒక క్రికెట్ కిట్టు. దుమ్ము పడుతుందని ఆ తొట్టికి మూత కూడా బిగించాడు. ఇంత చాకిరీ చేసే బండికి పాపం ఊపిరి చాలడం లేదని వెల్డింగు షాపువాళ్ళు కనిపెట్టారు.

"బ్యాక్ ప్రెషర్ మొత్తం పోతదన్నా. ఇంజను ఫ్రీగా ఊపిరి తీసుకుంటది. పికప్ చూడు ఇగ!"

ఏ షాపు ముందు నిలబడినా ఈ మంత్రమే. మంత్రాలకు అర్థం అడగకూడదంటారు గానీ, ఈ ఒక్కదానికి అడుగుదాం. బ్యాక్ ప్రెషర్ అంటే బయటికి పోయే పొగకు దారిలో ఎదురయ్యే అడ్డం.

ఈ పికప్పుల్లో వీ-క్రాస్‌ది 1.9 లీటర్ల డీజిల్ ఇంజను, నాలుగు సిలిండర్లు. హైలక్స్‌ది 2.8 లీటర్లు, అక్కడా సిలిండర్లు నాలుగే. నాలుగూ ఒకే వరసలో ఉంటాయి. నాలుగింటి పొగా ఒకే మానిఫోల్డులో కలుస్తుంది. అక్కణ్ణుంచి వెళ్ళేది ఒకే ఒక్క టర్బోలోకి. ఆ టర్బో చక్రాన్ని తిప్పి బయటపడ్డాక బీఎస్6 పొగ నియమాల పుణ్యమా అని మసిని పట్టే ఫిల్టరు. ఇవన్నీ దాటి వచ్చేసరికి పొగకు ఉన్న జోరంతా తీరిపోయి, ఒక్క గొట్టంలోంచి బుద్ధిగా వెనక్కి నడుస్తూ ఉంటుంది. సరిగ్గా అక్కడ, జరగాల్సిన పనంతా జరిగిపోయాక, మన వెల్డింగు మేస్త్రి గొట్టాన్ని కోసి, ఇంగ్లీషు వై ఆకారంలో ఒక ముక్క అతికి, దారిని రెండుగా చీలుస్తాడు. ఇంజను ఊపిరికి అడ్డమంటూ ఉంటే అది టర్బో దగ్గర ఉంటుంది, ఫిల్టరు దగ్గర ఉంటుంది. అవి రెండూ ఒక్కొక్కటే, ఒక్కొక్కటిగానే ఉండిపోయాయి. రెండయినవి చివరి నాలుగడుగులు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్ళకు లెక్క చెప్తాను. మూడంగుళాల గొట్టం ఒకటి తీసుకోండి. దాని నోటి వైశాల్యం 7.07 చదరపు అంగుళాలు. రెండంగుళాల గొట్టాలు రెండు తీసుకోండి. రెండూ కలిపినా 6.28. అంటే రెండు సన్న గొట్టాలు ఒక్క లావు గొట్టానికి సరిపోవు. పొగ రాసుకుంటూ పోయే గోడ చుట్టుకొలత చూద్దామా? ఒక్క గొట్టంలో 9.42 అంగుళాలు, రెండింట్లో కలిపి 12.57. చోటు తగ్గింది, రాపిడి పెరిగింది, బిల్లు రెట్టింపయింది. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. పై ఆర్ స్క్వేర్ చాలు, బళ్ళో చెప్పారు. మా కుర్రాడు ఇంజనీరింగే చదివాడు, అదీ మెకానికల్.

నిజంగా బ్యాక్ ప్రెషరే బాధ అయితే ఉన్న ఒక్క గొట్టాన్ని కాస్త లావు చేయించుకుంటే సరి. ఆ పని చేయించుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. లావు గొట్టం బండి కింద ఉంటుంది. రీల్‌లో కనపడదు.

ఈ రెండు గొట్టాల సంబరం పుట్టింది అమెరికాలో. పుట్టినచోట దానికో కారణం ఉంది. 1932లో ఫోర్డు కంపెనీ మామూలు మనుషులు కొనగలిగిన ధరకు వీ8 ఇంజను తెచ్చింది. ఎనిమిది సిలిండర్లు, నాలుగు ఒక పక్క, నాలుగు ఇంకో పక్క. రెండు పక్కలా వేరువేరుగా పొగ బయటికొస్తుంది. వీ8 బళ్ళలో ఆ రెండు పాయల్నీ తెచ్చి ఒక్క గొట్టంలో కుక్కడం చాలాకాలం కంపెనీలకు అలవాటు, ఖర్చు కలిసొస్తుంది కదా. అది నచ్చని అక్కడి కుర్రకారు ఏ పక్క పొగను ఆ పక్క గొట్టంలోంచే చివరిదాకా పంపారు. రెంటి మధ్యా ఒత్తిడి సమం కావడానికి హెచ్ ఆకారంలోనో ఎక్స్ ఆకారంలోనో ఒక లంకె వేశారు. అక్కడ రెండు గొట్టాలూ ఇంజను దగ్గర మొదలవుతాయి. మనవి బంపరు దగ్గర మొదలై బంపరు దగ్గరే ముగుస్తాయి. టెక్సస్‌లో ఉన్న అన్నయ్య ఎఫ్-150 పికప్పు కొని వీడియో పంపితే ఇక్కడి తమ్ముడు బండి వెనక భాగం చూసి మురిసిపోయాడు. ఒకసారి బానెట్ ఎత్తి చూపించన్నా అని అడిగి ఉంటే ఈ వ్యాసం తప్పేది.

"పవరు కోసం కాదంకుల్, సౌండు కోసం" అంటాడు మా కుర్రాడు, లెక్క అప్పజెప్పాక. సౌండూ రాదు నాయనా. అమెరికా వీ8 గుడగుడలాడేది గొట్టం గొప్పతనం వల్ల కాదు, లోపలి క్రాంక్ షాఫ్టు వల్ల. ఆ తరహా వీ8లో ఒక్కో పక్క సిలిండర్లు సమానమైన ఎడంలో పేలవు. రెండు దగ్గరదగ్గరగా పేలితే మరొకటి ఆగి పేలుతుంది. ఆ కుంటినడకే నువ్వు వీడియోలో విన్న గుడగుడ. నీ నాలుగు సిలిండర్ల ఇంజను ప్రతి అరచుట్టుకీ ఒకటి చొప్పున, తూచినట్టు పేలుతుంది. ఆ పేలుడును కూడా టర్బో సగం నమిలేశాకే బయటికి వదులుతుంది. ఎంత మంచి స్టీలు వాడినా, ఎంత నున్నగా వంచినా, చివరికి వచ్చేది చేలో ఆయిల్ ఇంజను మోతే. కాకపోతే రెండు వైపుల నుంచి వస్తుంది.

బండి కింద రెండో గొట్టానికి కంపెనీ చోటు వదలదు. అక్కడ స్పేర్ చక్రం వేలాడుతుంటుంది, లీఫ్ స్ప్రింగులుంటాయి, ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంటుంది. గుంతలో పడిన ప్రతిసారీ ఇరుసు లేచి గొట్టాన్ని గుద్దుతుంది. రబ్బరు హ్యాంగర్లకు వేలాడాల్సిన గొట్టాన్ని కొందరు మేస్త్రీలు ఛాసిస్‌కే అతికేస్తారు, ఆ అదురు క్యాబినంతా పాకుతుంది. విజయవాడ హైవే ఎక్కి చౌటుప్పల్ దాటేసరికి తలనొప్పి. దానికి మందు పక్క షాపులో ఉంది. తలుపుల్లో, రూఫులో మోతను పీల్చే షీట్లు అతుకుతారు, డబ్బులు వేరే. మోత పెంచుకోవడానికి ఒక బిల్లు, అది తన చెవిన పడకుండా ఇంకో బిల్లు. పక్కవాడి చెవులకు షీట్లు అతికే షాపు మాత్రం ఇంకా రాలేదు.

రెండో గొట్టాన్ని దేనికీ కలపకుండా ఊరికే బంపరుకు స్క్రూలు కొట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, మోసమేదో చప్పుడు చేయకుండా చేస్తున్నారు. చప్పుడుతో చేసే మోసమూ ఉంది: అసలు ఎగ్జాస్టే లేని ఎలక్ట్రిక్ కారుకు 126 డెసిబెల్స్ మోత పెట్టే ఏర్పాటును 2022లో అమెరికా డాడ్జ్ కంపెనీ ప్రకటించింది. నిప్పు లేనిదే పొగ రాదన్న పెద్దలు, రెండూ లేకుండా మోత వస్తుందని ఊహించి ఉండరు.

ఇదంతా మా కుర్రాడి డబ్బు, వాడి బండి, వాడి తలనొప్పితో తీరిపోతే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మా సెల్లారులో పొద్దున్నే అయిదున్నరకి ఆ బండి స్టార్టవుతుంది. ఇంజను వేడెక్కాలట, వాడు దిగి ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. కాంక్రీటు గోడల మధ్య తిరిగి తిరిగి ఆ మోత మెట్లెక్కి పైకొస్తుంది. రెండో అంతస్తులో పక్షవాతంతో పడుకున్న పెద్దాయన ఉలిక్కిపడి లేస్తాడు. నాలుగో అంతస్తులో నెలల పిల్ల. రాత్రంతా ఏడ్చి ఏడ్చి అప్పుడే కళ్ళు మూసిన పిల్ల. ఆ తల్లి కిందికి దిగొచ్చి అడిగితే "కంపెనీ సైలెన్సరప్పుడు ఇంకా ఎక్కువుండేదాంటీ" అని మొహం మీద అబద్ధమాడాడు. ముప్పై నిండని ఆ అమ్మాయిని ఆంటీ అనడం వేరే నేరం.

ఇది సరదా కాదు. పోకడ కాదు. ఇల్లు దాటకుండానే పదిమంది ఇళ్ళలోకి చొరబడటం. తాళం పగలగొట్టి వస్తే దొంగ అంటాం. కిటికీలోంచి మోతగా వస్తే ఆటోమొబైల్ ప్యాషన్ అంటున్నాం.

చట్టం లేక జరుగుతున్నది కాదు ఇది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. పైగా డెసిబెల్ మామూలు లెక్కలో పెరగదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలు, ఇరవై పెరిగితే నూరింతలు. కాబట్టి "కొంచెమే పెరిగిందంకుల్" అని నాతో అనొద్దు. ట్రాక్టరుతో సహా ప్రతి బండికీ మోత తగ్గించే సైలెన్సరు ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది చెప్తోంది. కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. ఆ మాటనే 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద ప్రమాణాలు మీరి నడిపితే మొదటిసారే పది వేల దాకా, లైసెన్సు మూడు నెలలు రద్దు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? ఎవరికి వేశారు? వేసినా మా కుర్రాడి లాంటివాళ్ళకు అది జరిమానా అనిపించదు, మోత మీద కట్టే పన్నులా కట్టేసి పోతారు.

మసి ఫిల్టరును కూడా పీకించేసేవాళ్ళను చూసి నవ్వడానికి సైతం నాకు మనసొప్పదు. అమెరికాలో పదేళ్ళ కాలంలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్పులకు పొగను శుభ్రం చేసే పరికరాలు పీకేశారని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో అంచనా కట్టింది. సైకిళ్ళ మీద పోయేవాళ్ళ మొహాన కావాలని నల్లపొగ కొట్టడం అక్కడ కొందరికి ఆట. దానికి రోలింగ్ కోల్ అని పేరు కూడా పెట్టుకున్నారు. మనవాళ్ళు రెండు గొట్టాలు తెచ్చుకున్నారు, ఆ ఆట రావడానికి ఎంతసేపు?

విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్ తొక్కించారు. టీవీలో చూడముచ్చటగా ఉంది, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ నలిగింది ఇనుము. ఇలాంటివి అమ్మినవాడు, వంచినవాడు, అతికినవాడు మర్నాడు పొద్దున యథాప్రకారం షట్టరెత్తారు. రోలర్ కింద పోయినవాటికి బదులు కొత్తవి కావాలి కదా, గిరాకీ పెరిగే ఉంటుంది.

రవాణా శాఖవారికి నా మనవి. చౌరస్తాలో కాపు కాసి ఒక్కో బండినీ పట్టుకోవడం తర్వాత. ముందు షాపులకు వెళ్ళండి. వెతుక్కోనక్కర్లేదు, బోర్డు మీద నిలువెత్తు అక్షరాల్లో రాసి పెట్టుకున్నారు, కింద ఫోన్ నంబరు కూడా ఉంటుంది. రెండోది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాను పొగను కొలుస్తుంది గానీ మోతను కొలవదు. అక్కడ ఒక సౌండ్ మీటర్ పెట్టించండి, పరిమితి దాటితే కాగితం ఇవ్వకండి.

పాఠకులకు ఒక మాట. పెద్దింటి పిల్లాడనో, సంఘం ప్రెసిడెంటు గారబ్బాయనో ఊరుకుంటున్నారు. ఊరుకోకండి. రాత్రి పది దాటాక, పొద్దున ఆరు లోపల ఆ మోత వినబడితే 112కి ఫోన్ చేసి బండి నంబరు చెప్పండి. మా అపార్ట్‌మెంటు నుంచి నిన్న నేను చేశాను.