బిల్లుకో మాట ఉండేది

ఇప్పుడు అసెంబ్లీ చూడాలంటే టీవీ పెడితే చాలు. అయినా ఏ బిల్లు మీద ఎవరేమన్నారో చెప్పమంటే, పొద్దుటినుంచీ కళ్లప్పగించి చూసినవాడు కూడా బుర్ర గోక్కుంటాడు. మా రోజుల్లో కృష్ణదేవిపేటలో టీవీలు ఎక్కడివి? రేడియోలో ప్రాంతీయ వార్తలు, బస్సులో దిగే పేపరు, అంతే. టీకొట్టు బల్ల మీద పేపరు పరిచి ఒకడు చదివితే పదిమందిమి వినేవాళ్లం. తరిమెల నాగిరెడ్డి దేన్ని ఎండగట్టాడు, వావిలాల గోపాలకృష్ణయ్య ఎక్కడ అడ్డం తిరిగాడు, గౌతు లచ్చన్న ఏ మాటకు లేచాడు, అన్నీ విడివిడిగా తెలిసేవి. ఇప్పుడో? "ఈ రెండు బిల్లులనూ కలిపి చర్చకు చేపడుతున్నాం" అని ఒక మాట వినబడుతుంది. మనం టీ తాగి వచ్చేసరికి రెండూ చట్టాలకు సిద్ధం.

మా మనవడు అంటాడూ, "రూల్స్ ఉన్నాయి తాతా, ఊరికే కలుపుతారేటి?" అని. రూల్స్ ఉన్నాయని నాకు తెలీకనా! పార్లమెంటు తన నిబంధనలు తానే రాసుకోవచ్చని రాజ్యాంగం 118వ అధికరణంలో ఉంది, శాసనసభలకు ఆ మాటే 208లో ఉంది. ఏ బిల్లుకు ఎంతసేపన్నది సభా వ్యవహారాల సలహా కమిటీ (బీఏసీ)లో కూర్చుని తేలుస్తారు. సంబంధమున్న బిల్లులైతే సభ ఒప్పుకున్నాక ఒకే చర్చ పెడతారు. కానీ ఓటింగు మాత్రం దేనికది. పరిశీలనకు తీసుకోవాలన్న తీర్మానం విడిగా, క్లాజులు విడిగా, ఆమోదం విడిగా. ఆర్డినెన్సు స్థానంలో బిల్లు వచ్చినప్పుడు, ఆ ఆర్డినెన్సు వద్దన్న ప్రతిపక్ష తీర్మానాన్నీ ఆ బిల్లునూ కలిపి చర్చించడం ఎప్పటినుంచో ఉంది. రెండూ ఒక్క విషయమే కాబట్టి దానికి నేనేమీ అనను.

నా పేచీ అల్లా, చర్చ కలిపేసరికి టైము కూడా కలిసిపోతోందని. రెండు బిల్లులకు రెండింతల సమయం ఇస్తే సరే. ఒక్కదాని టైములోనే రెండూ సర్దేస్తే అది మన్యం సంతలో పసుపూ చింతపండూ ఒకే కాటాలో వేసి, ఒకే ధర కట్టినట్టు.

2020 జనవరి 20 గుర్తుందా? మూడు రాజధానుల బిల్లు, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం రద్దు బిల్లు ఒకే రోజు మన అసెంబ్లీకొచ్చాయి. రాత్రి పొద్దుపోయాక రెండూ గట్టెక్కాయి. మా ఊళ్లో కుర్రాళ్లు "విశాఖకి రాజధాని వస్తోంది" అని సంబరపడ్డారు. నాకూ సరదాగానే ఉంది, కాదనను. కానీ రెండో బిల్లు కథ వేరు. 33 వేల ఎకరాలకు పైగా భూమి పూలింగుకిచ్చిన అమరావతి రైతులకు మాటిచ్చిన చట్టాన్ని రద్దు చేసేది అది. విశాఖ కావాలి, ఆ రైతులకిచ్చిన మాటా నిలవాలి అనుకునే మనిషి ఆ చర్చలో ఏ పక్షాన మాట్లాడాలి? ఆ రెండు బిల్లులు శాసనమండలికి వెళ్లేసరికి సర్కారు విధానాన్ని కాదంటూ 71వ రూలు కింద నోటీసు వచ్చింది. 22న చైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారంతో సెలక్ట్ కమిటీకి పంపారు. 27న అసెంబ్లీ ఏకంగా మండలినే రద్దు చేయాలని తీర్మానించింది! జూన్‌లో మళ్లీ పాస్ చేసి, మండలి ఒప్పుకోకపోయినా అసెంబ్లీ మాటే నెగ్గే 197వ అధికరణం ఆసరాతో జులై 31కి చట్టాలు చేశారు. 2021 నవంబరులో ఆ సర్కారే వాటిని వెనక్కి తీసుకుంది. మొదట్లోనే తాపీగా మాట్లాడుకుని ఉంటే ఇంత తిరుగుడు ఉండేదా?

ఢిల్లీ సంగతి మరీనూ. 2020 సెప్టెంబరు 22న మూడు లేబర్ కోడ్‌లు లోక్‌సభలో ఒకే చర్చతో పాసైపోయాయి, మర్నాడు రాజ్యసభలోనూ అంతే. ప్రతిపక్షం బయట ఉంది. ఆ మూడూ కలిసి 25 పాత చట్టాలను మింగాయి. వాటిలో ఒక కోడ్‌లో ఒక మాట ఉంది. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేయాలంటే సర్కారు అనుమతి కావాల్సిన హద్దు 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. పొద్దున్నే అచ్యుతాపురం, పరవాడ కంపెనీల బస్సెక్కే కుర్రాళ్ల తిండి సంగతి అది. ఆ ఒక్క మాట మీదే ఒక పూట మాట్లాడొచ్చు. మాట్లాడ్డానికి రోజులేవీ? మొదటి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. మొన్నటి 17వ లోక్‌సభ ఐదేళ్లకూ కలిపి 274 రోజులు.

మనవడు అమెరికా ఉదాహరణ తెచ్చాడు. 2024 ఏప్రిల్ 20న అక్కడి ప్రతినిధుల సభ ఒకే నిబంధన కింద నాలుగు బిల్లులను చేపట్టింది. ఓట్లు మాత్రం విడివిడిగా వేశారు. ఉక్రెయిన్ సాయానికి 311 మంది ఒప్పుకుంటే, ఇండో-పసిఫిక్ సాయానికి 385 మంది ఒప్పుకున్నారు. చూశారా, విడిగా అడిగితేనే మనసులో మాట బయటపడేది. తర్వాత ఆ నాలుగింటినీ ఒక్క మూట కట్టి సెనేట్‌కు పంపారు, అక్కడ 79-18తో మొత్తం ఒకేసారి దాటింది. మూట కట్టాక ఎవరికి ఏది ఇష్టమో ఎవరు చెప్పగలరు?

సరిగ్గా మాట్లాడుకోకుండా చేసిన చట్టం ఊరి మీద ఎలా పడుతుందో మాకెవరూ చెప్పక్కర్లేదు. 1882లో మద్రాసులో అటవీ చట్టం చేసినప్పుడు మా మన్యాన్ని అడిగిన నాథుడు లేడు. పోడు మీద ఆంక్షలు, అడవి మీద ఆంక్షలు. ఆపైన గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పని కూలి కాజేశాడు. ఆ కడుపుమంటే రగిలి, 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దండు మా ఊరి పోలీసు స్టేషన్ మీద పడింది. ఆ మహానుభావుడి సమాధి మా ఊళ్లోనే ఉంది.

ఇప్పుడు స్పీకర్ కుర్చీలో కూర్చున్నది మా నర్సీపట్నం ఎమ్మెల్యే అయ్యన్నపాత్రుడుగారే. మా ఊరూ ఆయన నియోజకవర్గంలోదే, అందుకే చనువుగా అడుగుతున్నాను. బాబూ, ఒకే విషయం మీద వచ్చిన బిల్లులనే కలపండి. కలిపితే ప్రతి బిల్లుకూ దాని టైము దానికివ్వండి. బిల్లు పాఠం తెలుగులో నాలుగు రోజుల ముందే మాకు అందేలా చూడండి. ఏ పార్టీ సర్కారున్నా ఇదే మాట అడుగుతాను.