సీ లయన్లకు బి-మెమో

తీరిగ్గా గడపడంలో ఉన్నంత శ్రమ తాసీల్దారు ఉద్యోగంలో కూడా లేదని అమెరికా వచ్చాక తెలిసింది. విమానం, జెట్ లాగ్, కస్టమ్స్ దగ్గర ఆవకాయ సీసా... ఆ కథలు మీ ఇళ్ళల్లోనూ ఉన్నవే కాబట్టి వదిలేస్తున్నాను. కొన్నాళ్ళుగా నన్ను లోపల తొలిచేస్తున్నది వేరే ఉంది. "రిలాక్స్ అవ్వండి నాన్నా" అన్న మాట.

రిలాక్స్ అవడానికి శనివారం పొద్దున ఆరింటికే లేపాడు మా అబ్బాయి. శాన్‌ఫ్రాన్సిస్కో వాటర్‌ఫ్రంట్‌లో ఆ రోజంతా ఏ హడావుడీ లేకుండా గడపాలట. దానికో ప్లాను, ఆ ప్లాను అందరి ఫోన్లకీ. తొమ్మిదింపావుకి ఫెర్రీ బిల్డింగ్‌లో కాఫీ, పదిన్నరకి ఒడ్డు వెంట నడక, పన్నెండుకి పియర్ 39, ఒకటిన్నరకి లంచ్, మూడింటికి గిరార్డెల్లి స్క్వేర్‌లో ఐస్‌క్రీమ్. నాలుగింటి దగ్గర ఒక గడి ఖాళీగా కనబడింది. ఇదేంట్రా అంటే, "అది ఫ్రీ టైమ్ నాన్నా, నలభై అయిదు నిమిషాలు" అన్నాడు. జమాబందీకి కలెక్టరు గారు వస్తున్నారంటే మేం వేసే ప్రోగ్రాములో కూడా అంతకంటే ఎక్కువ ఊపిరి ఆడేది.

రూపాయల్లోకి మార్చనని మా ఆవిడ నా చేత హైదరాబాదు ఎయిర్‌పోర్టులోనే ఒట్టు వేయించుకుంది. పైకి మార్చడం లేదు. కారు పెట్టేచోట గంట రేటు బోర్డు చూసి మాత్రం లోపల లెక్క దానంతటదే అయిపోయింది. ఆ డబ్బుకి మా ఊళ్ళో కారుతో పాటు డ్రైవరూ దొరుకుతాడు.

ఫెర్రీ బిల్డింగ్ 1898 నాటిది. 1906 భూకంపానికి ఊరు ఊరంతా తగలబడిపోయినా ఆ గడియారపు గోపురం నిలబడే ఉంది. కాఫీ క్యూలో అంతకంటే ఓపిగ్గా నిలబడ్డాం మేం. అక్కణ్ణించి ఒడ్డు వెంట నడక. బాగుంది, కాదనను. ఒకప్పుడు నీళ్ళు కనబడనివ్వకుండా ఈ దారి మీద రెండంతస్తుల ఫ్రీవే ఉండేదట. 1989 భూకంపానికి అది దెబ్బతింటే, మళ్ళీ కట్టకుండా 1991లో కూలగొట్టేశారు. ఫ్లైఓవరు పోవడాన్ని జనం శుభవార్తగా చెప్పుకోవడం వినడం నాకదే మొదలు.

ఆగస్టు కదా, కాలిఫోర్నియా కదా అని పల్చటి చొక్కాతో బయల్దేరాను. అక్కడి ఆగస్టుకి మన క్యాలెండరుతో సంబంధం లేదు. లోపలి లోయలు వేడెక్కేకొద్దీ సముద్రం మీది మంచుని గోల్డెన్ గేట్ సందులోంచి ఊళ్ళోకి లాగుతాయట. ఎటు చూసినా గుండెల మీద ఊరి పేరున్న స్వెట్టర్లే. ఈ జనానికి ఊరంటే ఎంత అభిమానమో అనుకున్నాను. తర్వాత నేనూ ఒకటి కొనుక్కోవాల్సి వచ్చాక అభిమానం సంగతి అర్థమైంది.

ఇక లంచ్. పుల్లటి రొట్టె మధ్యలో గుంట చేసి, అందులో గుల్లల సూపు పోసిస్తారు. ఊరికదే పెద్ద పేరు. మా ఆవిడ శాకాహారి. "ఉత్త గిన్నె ఇమ్మనరాదూ" అంది కోడలితో. ఉత్త గిన్నెతోనే తిన్నది, నంజుకోడానికి బ్యాగులోంచి తీసిన కందిపొడితో. అంతవరకూ నాకు పేచీ లేదు. డబ్బు కట్టేచోట కౌంటరు అమ్మాయి ఒక తెర మన వైపు తిప్పుతుంది చూశారూ, అదీ పేచీ. పద్ధెనిమిది శాతం, ఇరవై శాతం, పాతిక శాతం. ఏమీ ఇవ్వనన్న మీట అడుగున ఎక్కడో నక్కి ఉంటుంది. వెనక పదిమంది, ఎదురుగా నా వేలి వంకే చూస్తూ ఆ అమ్మాయి. నేను కొన్నది నీళ్ళ సీసా. ఫ్రిజ్‌లోంచి తీసుకున్నది నేను, మూత తిప్పుకున్నది నేను, తాగబోయేది నేను. ఇందులో సేవ ఎవరు చేశారు, ఎవరికి చేశారు? నా సర్వీసంతా చెయ్యి తడపమని అడిగిన వాళ్ళని చూశాను. శాతాలు అచ్చువేసి అడగడం చూళ్ళేదు. ఇరవై నొక్కాను లెండి.

ఆ మంటతో పియర్ 39 పడమటి పక్కకి నడిచాను. అక్కడ కనబడ్డారు వాళ్ళు. నీళ్ళ మీద తేలే చెక్క బల్లల నిండా సీ లయన్లు. ఒకదాని మీద ఒకటి, వెల్లకిలా, బోర్లా, పక్కదాని పొట్ట తలగడగా.

రెవెన్యూలో పనిచేసినవాడికి నీళ్ళ పక్కన ఎవరు పడుకుని ఉన్నా సర్వే నంబరెంత అని అడగాలనిపిస్తుంది. రిటైరైనా పోని జబ్బది. విచారించాను. ఆ బల్లలు పడవలు కట్టుకోవడానికి వేసినవి. కె-డాక్ అంటారు. 1989 అక్టోబరు భూకంపం తర్వాత ఒకటీ అరా వచ్చి ఎక్కాయి. 1990 జనవరి నుంచి మందలుగా దిగాయి. దగ్గర్లో హెర్రింగ్ చేప పుష్కలం, పెద్ద చేపల భయం లేదు, బల్లలు ఖాళీ. ఆక్రమణ ఎక్కడైనా ఇలాగే మొదలవుతుంది. మొదట ఒకడు గొడుగు పాతి కూర్చుంటాడు. వారం తిరక్కుండా బావమరిది వస్తాడు. పాక లేస్తుంది. పాక పక్కన రాయికి పసుపు రాస్తారు. ఇక వీఆర్వో అటువైపు వెళ్ళడు.

పడవల వాళ్ళు మొత్తుకున్నారు. వాసన, రొద, తెల్లార్లూ అరుపులు. న్యాయమైన ఫిర్యాదే. నా దగ్గరికొస్తే ఏం చేసేవాణ్ణి? మాకు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది. బి-మెమో రాయిస్తాం, 7వ సెక్షను కింద నోటీసిస్తాం, సంజాయిషీ బాగోకపోతే 6వ సెక్షను కింద లేపేస్తాం. ఆ లేపే రోజుకి ఆసామీ కోర్టు నుంచి స్టే పట్టుకొస్తాడు. మాకిది ఏటా తద్దినంలా జరిగేదే. వీళ్ళకి ఆ ఖర్చు కూడా లేదు. సముద్రపు క్షీరదాల జోలికి ఎవరూ పోకూడదని 1972లోనే అమెరికా చట్టం చేసింది. అంటే పుట్టుకతోనే స్టే! పైగా మెరైన్ మామల్ సెంటర్ నిపుణులొచ్చి, ఉండనివ్వండి అని చెప్పారు. చివరికి పడవలే ఖాళీ చేసి పోయాయి. పట్టాదారు లేచిపోయి ఆక్రమణదారు స్థిరపడ్డ కేసులు నేనూ చూశాను, పేర్లడక్కండి. ఆ ఆక్రమణ చూడ్డానికి టూరిస్టులు ఐస్‌క్రీమ్ పట్టుకుని రావడం మాత్రం ఎక్కడా చూళ్ళేదు.

ఇంకా ఉంది. 2009 నవంబరులో లెక్కేస్తే 1,701 తేలాయట. ఆ ఏడాది ముగిసేసరికి బల్లలు దాదాపు బోసి. ఒరెగాన్ వైపు చేప వెంట పోయాయని తర్వాత చెప్పుకున్నారు. మరుసటి ఏడు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాయి. 2024లోనైతే మళ్ళీ వెయ్యి దాటాయి. డి-పట్టా అమ్మేసుకుని, మూణ్ణెల్లకి అదే పోరంబోకులో మళ్ళీ పాక వేసిన మా మండలం ఆసామీ ఒకడు గుర్తొచ్చాడు. ఇంకో సంగతి. ఇక్కడ ఉండేవి దాదాపు అన్నీ మగవే. వేసవిలో సంసారం కోసం దక్షిణాన చానెల్ దీవులకి వెళ్ళి, ఆగస్టుకల్లా వెనక్కొచ్చేస్తాయి. మిగతా కాలమంతా ఇది మగవాళ్ళ మెస్సు. ఒక భారీ శాల్తీ, మూడు క్వింటాళ్ళుంటుంది, పక్కవాణ్ణి ఛాతీతో తోసి నీళ్ళల్లో పడేసింది. పడ్డవాడు మొరిగి, చుట్టూ తిరిగొచ్చి, ఇంకొకడి వీపు మీదెక్కి పడుకున్నాడు. కిందివాడు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఊళ్ళోకెల్లా ఖరీదైన జాగా, అద్దె లేదు, తెర లేదు, శాతం లేదు. పొద్దుట్నుంచీ నేను వెతుకుతున్న తీరిక అక్కడ గుట్టలు పోసినట్టు పడి ఉంది.

"నాన్నా, ఐస్‌క్రీమ్‌కి లేటవుతోంది" అన్నాడు మా వాడు. కదిలాం.

ఫ్రీ టైమ్ వచ్చింది. నీళ్ళ వైపు ఒక బెంచీ దొరికింది. మా వాడు నా పక్కన కూర్చుని, ఆఫీసు నుంచేదో వస్తే "ఒక్క నిమిషం" అని ఫోన్ చూసుకుంటూ, మెసేజ్ మధ్యలోనే నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు. వాడికవి ఉన్నట్టు నాకు తెలీదు, వీడియో కాల్‌లో కనబడవు. నలభై దగ్గరపడుతోంది. ఆ వయసులో నేను జమాబందీ రోజులు తీసేస్తే ఆరింటికల్లా ఇంట్లో ఉండేవాణ్ణి, ఆదివారం మధ్యాహ్నం పడుకుంటే వీడొచ్చి లేపేదాకా లేచేవాణ్ణి కాదు. వీడికి వారంలో చిక్కిన ఒక్క రోజు ఇది. దాన్ని గంటలుగా కోసి మా ముందు పెట్టాడు. నిద్రకి గడి పెట్టుకోలేదు.

నలభై అయిదు నిమిషాలూ అయిపోయాయి. "లేపమంటారా మావయ్యా, పార్కింగ్‌కి ఎక్స్‌ట్రా పడుతుంది" అంది కోడలు. వద్దన్నాను. ఎంత పడుతుందో నేనడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. మనవడు మాత్రం ఫోన్‌లో చూసి, "తాతా, రూపాయల్లో చెప్పనా?" అన్నాడు.