గాలిని కోయు ఫోర్కునకు మీటరు కట్టు విధానము

ముందుగా, గాలిని కోసికొని పోవుటకై కత్తివలె చదునుగా తీర్చిన సైకిలు కార్బన్ ఫోర్కు నొకదానిని సంపాదింపుడు. గాలి యడ్డగింపు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగుననియు, దానిని గెలుచుటకు వలయు శక్తి ఘనమును బట్టి పెరుగుననియు, ఆ యడ్డగింపులో అధికభాగము సైకిలుది కాక దానిపై నాసీనుడైన పురుషునిదే యనియు మీరు చదివియే యుందురు. ఈ మూడవ సంగతిని మఱచుట మేలు. పొట్ట తగ్గుటకు సంవత్సరము పట్టును, ఫోర్కు మంగళవారమునాటికి వచ్చును.

పిమ్మట, గాలి జాఱిపోవుటకై యింత ధర పోసి కొన్న ఆ నునుపైన ఫోర్కు కాలిమీదనే, అగ్గిపెట్టెలో సగమంత ప్లాస్టిక్ ముద్దను, అనగా వేగపు మీటరు సెన్సరును, కేబుల్ టైలతో బిగింపుడు. ఫోర్కువలన వేగమెంత పెరిగినదో తెలియవలెను గదా! గుండ్రని కాలికి చేసిన టై చదును కాలిని చుట్టజాలదు. ఒకదాని తోకను వేఱొకదాని నోట దూర్చుడు.

ఇక అసలు విద్య యెడములో నున్నది. సెన్సరు లోపల గాజుగొట్టమున రెండు సన్నని లోహపు రేకులుండును. 1936లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు వాల్టర్ ఎల్‌వుడ్ కల్పించిన రీడ్ స్విచ్ ఇదియే. స్పోకునకు తగిలించిన అయస్కాంతము చేరువగా పోయినప్పుడెల్ల ఆ రేకులు ముద్దాడుకొనును. ముద్దు కొకటి చొప్పున మీటరు చక్రపు చుట్లను లెక్కించును. కాని యిది జరుగుటకు నడుమ కొద్ది మిల్లీమీటర్లకంటె నెక్కువ యెడము పనికిరాదు. గుండ్రని ఫోర్కుమీద సెన్సరును నిమ్మళముగా త్రిప్పి స్పోకులవైపు చూపవచ్చును. చదును ఫోర్కుమీద నది, పెండ్లిచూపులలో బలవంతముగా కూర్చుండబెట్టిన కుఱ్ఱవానివలె, మొగము ప్రక్కకు పెట్టుకొనును. అప్పుడు పాత ట్యూబును కత్తిరించి, మడిచి, దాని వీపుక్రింద దూర్చుడు. చాలనిచో సెన్సరును, అయస్కాంతమును క్రిందికి జరుపుడు: హబ్బు సమీపించుకొలది స్పోకులు ఫోర్కువైపు వచ్చును, చుట్టు ఎక్కడ లెక్కించినను చుట్టే గనుక లెక్కకు హాని లేదు. చక్రమును వ్రేలితో త్రిప్పుడు. ‘టక్’ మన్నచో మఱీ దగ్గఱ. మీటరుపై సున్న నిలిచినచో మఱీ దూరము. ఈ టక్కునకును సున్నకును నడుమ నా ఆదివారములు పెక్కు గడచినవి.

స్పోకులుకూడ చదునువైనచో అయస్కాంతము నిలువదు. టేపు చుట్టుడు.

మీటరులో పెట్టవలసిన టైరు చుట్టుకొలత, 25 మిల్లీమీటర్ల వెడల్పు రకమునకు 2105 మిల్లీమీటర్లు. 28 రకపు 2136 పెట్టినచో కాలికి శ్రమ లేకయే నూటికి ఒకటిన్నర వంతు వేగము వచ్చును. నే నీ పని చేయలేదని ప్రమాణము చేయజాలను.

అయస్కాంతమే యక్కఱలేక హబ్బునకు తొడుగు సెన్సరులు గలవని దుకాణదారుడు నాకు మూడు మాఱులు చెప్పియున్నాడు. కాని యవి కొన్నచో తిట్టుకొనుటకు నాకేమి మిగులును?

మొన్న హైదరాబాదు ఔటరు రింగురోడ్డు ప్రక్క, 2023లో తెఱచిన సోలారు కప్పు సైకిలు బాటపై, నార్సింగినుండి కొల్లూరునకు పోయి తిరిగివచ్చితిని. అయిదవ నిమిషముననే టై సడలి సెన్సరు రోడ్డువైపు తిరిగినది. తక్కిన దారి యంతయు మీటరు సున్నయే చూపెను. తొడలు మండినవి, చొక్కా తడిసినది. ఎదురు వచ్చు పిల్లవాడొకడు నన్ను చూచి చేయి యూపినాడు. నేను మీటరును తట్టుచుండుటచే తిరిగి ఊపనైతిని. ఇంటికి వచ్చిన పిమ్మట “ఈవేళ ఎంత దూరము తొక్కినారండీ?” అని మా యావిడ యడుగగా, “ఈవేళ తొక్కలేదు” అని చెప్పితిని. ఆమె నా తడిసిన చొక్కాను చూచి, యేమియు ననక, లోనికి పోయి పాత ట్యూబును, కత్తెరను తెచ్చి నా ముందు పెట్టెను.