కంకర దారి గృహస్థు గోడు

మహాప్రభో! నార్త్ కరోలినా ఎర్రమట్టి మీద అయిదెకరాలు కొని, ఇల్లు కట్టుకుని, మెయిల్‌బాక్స్ నుంచి గుమ్మం దాకా ఆరువందల అడుగుల కంకర దారి పోయించుకున్న ఒకానొక గృహస్థు సవినయంగా విన్నవించుకునే ఫిర్యాదు ఇది.

1931లో ఈ రాష్ట్రం కౌంటీల రోడ్లన్నిటినీ తన నెత్తిన వేసుకుంది. ఆ ఔదార్యం మా మెయిల్‌బాక్స్ దగ్గర ఠక్కున ఆగిపోయింది. అక్కణ్నుంచి ఇవతల గుంత పడినా, గట్టు తెగినా మొరపెట్టుకోవడానికి సర్పంచి లేడు, ఎమ్మెల్యే లేడు, ఎన్నికల ముందు రాత్రికి రాత్రి నాలుగు తట్టల మట్టి పోయించే నాథుడూ లేడు. గుంతల రోడ్లతో వేగలేక సముద్రాలు దాటినవాడికి సొంత గుంతలు, సొంత ఖర్చుతో, పట్టాతో సహా దఖలు పడ్డాయి. రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం తప్పలేదు.

ఇక ముద్దాయిల సంగతి.

మొదటి ముద్దాయి వాన. దారి నడుమ ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా ఉండాలని, అడుగుకు అర అంగుళం చొప్పున ఆ వాలు పెట్టాలని తెలిసినవాళ్లు చెబుతారు. పదడుగుల వెడల్పు దారికి నడుమ రెండున్నర అంగుళాల ఎత్తు. కాయితం మీద ముచ్చటగానే ఉంది. కానీ మా ఇంటికొచ్చే ప్రతి కారూ ఆ నడుమ భాగాన్ని భక్తిగా తప్పించి రెండు చాళ్లలోనే నడుస్తుంది. చాళ్లు లోతై కాలువలవుతాయి. కాలువలో నీరు ఊరికే పోదు, రాళ్లను పట్టి ఉంచే సన్నపొడిని వెంటబెట్టుకుని మరీ పోతుంది. మర్నాడు చూస్తే పొడి పల్లంలో, రాళ్లు గట్టు మీద, నేను నడుమ.

రెండో ముద్దాయి పార్సిల్ బండి. ఇసుక మీద చక్రం దొర్లించి చూసి, కచ్చా దారి మీద అడ్డంగా అలలు ఎందుకు లేస్తాయో భౌతికశాస్త్రవేత్తలు 2007లో తేల్చారు. బండికి స్ప్రింగులు లేకపోయినా అలలు తప్పవట. గంటకు అయిదు మైళ్లకు అటూ ఇటూగా ఒక హద్దు ఉందట, అది దాటితే అలలు పుట్టాల్సిందే. మా ఇంటికి పప్పుల డబ్బా తెచ్చే కుర్రాడికి ఈ పరిశోధన ఇంకా అందలేదు. అందినా, అయిదు మైళ్ల వేగంతో వస్తే ఆ పూట అతని మిగతా ఇళ్లన్నీ పస్తే. ‘‘అతన్నేమీ అనకండి, పాపం. ఆర్డర్లు పెట్టేది మనమేగా’’ అంటుంది మా ఆవిడ. తిలాపాపం తలా పిడికెడు.

మూడో ముద్దాయి అసలు ముద్దాయి. ఒకరు కాదు, ముఠా. ట్రాక్టర్ వెనక తగిలించే పనిముట్లు.

పాతిక హార్స్‌పవర్ ట్రాక్టర్ కొనగానే పనైపోయిందనుకునే అమాయకులకు మనవి: ట్రాక్టర్ దానంతటది చెయ్యగలిగింది దారిని ఇంకాస్త తొక్కడమే. దాని వెనక మూడు ఇనప చేతులుంటాయి. కింద రెండు, పైన ఒకటి. ఈ ఏర్పాటును పేరుకెక్కించినవాడు ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. ఆయన 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాయితం కలం లేకుండా చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నాడు, మరుసటేడు ఈ చేతులున్న ఫోర్డ్ ట్రాక్టర్ బజార్లోకి వచ్చింది. తర్వాత ఆ వ్యవహారం కోర్టుకెక్కి, 1952లో తొంభై రెండున్నర లక్షల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది. ఈ మూడు చేతుల జోలికి పోయి చేతిచమురు వదిలించుకోనివాడు మొదట్నుంచీ లేడన్నమాట.

డీలర్ ముందు చూపించింది బాక్స్ బ్లేడ్. అడుగూ మూతా లేని ఇనప పెట్టె. ముందు వరస గట్టినేలను పెళ్లగించే పళ్లు, వెనక కత్తి అంచులు. పైచేతిని పొట్టి చేస్తే పళ్లు నేలలో దిగుతాయి, పొడుగు చేస్తే వెనక అంచు మీద జారుతూ సాపు చేస్తుంది. వినడానికి సులువే. నడిపితే తెలుస్తుంది: ముందు చక్రాలు మిట్టెక్కితే వెనక పెట్టె నేలలోకి కూరుకుపోతుంది, చక్రాలు గుంతలో దిగితే పెట్టె గాల్లోకి లేస్తుంది. ఉన్న ఎత్తుపల్లాలకు అది కొత్తవి జతచేస్తుంది. దాని ఫొటో ఒంగోలు దగ్గర సేద్యం చేసే మా బావమరిదికి పంపాను. ‘‘ఇది మన గుంటకే కదా బావా! పెట్టె బిగించి వెయ్యి డాలర్లు గుంజారా?’’ అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. మా ఆవిడ విన్నది.

ఈ ఎగుడుదిగుళ్ల జబ్బుకు మందు ల్యాండ్ ప్లేన్ అన్నారు. రెండు పొడుగాటి ఇనప పట్టాల నడుమ రెండు బ్లేడ్లు. పట్టాలు నేలకు ఆనుకుని పోతాయి కాబట్టి ట్రాక్టర్ ఊపులు దానికి అంటవు. దించి లాగడమే, పసిపిల్లాడైనా నడుపుతాడట. నిజమే, అలలు బాగానే పోతాయి. అయితే వానకు పల్లానికి కొట్టుకుపోయిన కంకరను మళ్లీ మిట్టకు మోసుకురమ్మంటే, అది తన పని కాదంటుంది. మోసేది బాక్స్ బ్లేడే. నడుమ ఎత్తు తేవాలంటే? దానికి ఏటవాలుగా తిప్పి కంకరను పక్కనుంచి నడుమకు నెట్టే రియర్ బ్లేడ్ వేరే ఉంది. పక్కలకు పొర్లిన రాళ్లు ఏరడానికి వంకర పళ్ల ల్యాండ్‌స్కేప్ రేక్. అది రాళ్లను ఎంత శ్రద్ధగా ఏరుతుందంటే, రాళ్లొక పక్క, పొడొక పక్క విడదీసి పెడుతుంది. వాన చేసే పనే, వానాకాలం దాకా ఆగకుండా.

ఇవన్నీ కొన్నా రోజుకో పనిముట్టు మార్చాలి. అది చూసి తీరవలసిన వేడుక. ట్రాక్టర్‌ను వెనక్కి నడిపి బ్లేడు ముందు నిలుపుతాను. దిగి ఎడమ చేతిని పిన్నుకు తొడుగుతాను, తొడుక్కుంటుంది. కుడిచెయ్యి బెత్తెడు దూరంలో ఆగిపోతుంది. మళ్లీ ఎక్కి, అంగుళం వెనక్కి పోనిచ్చి, దిగి చూస్తే కుడిది సరిపోయి ఎడమది ఊడి ఉంటుంది. బ్లేడును మోకాలితో నెడితే కదిలేది బ్లేడు కాదు, మోకాలి చిప్ప. దీనికీ మందుంది, క్విక్ హిచ్. ఎక్కడం దిగడం లేకుండా సీట్లో కూర్చునే పైచెయ్యి సరిచేసుకునే హైడ్రాలిక్ సిలిండరూ ఉంది. ఆ సిలిండర్‌కు వెనక రిమోట్ వాల్వులు కావాలి. మన మోడల్‌కు అవి విడిగా వేయించుకోవాలి.

పోనీ, ఇనుము జోలికి పోకుండా కంకరే పోయిద్దామంటే, ఆరువందల అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, రెండంగుళాల మందానికి వెయ్యి ఘనపుటడుగులు, అంటే యాభై టన్నులు. అందులోనూ రకాలు. కడిగిన శుభ్రమైన రాయి కంటికి ఇంపుగా ఉంటుంది, కాలి కింద పొర్లుతుంది. పొడి కలిసిన క్రషర్ రన్ చూడ్డానికి మురికిగా ఉన్నా గట్టిగా బిగుసుకుంటుంది. గుంతలో ఊరికే కుమ్మరిస్తే అదీ నిలవదు. గుంత అడుగు దాకా దారినంతా పెళ్లగించి, పరిచి, కాస్త తడి మీద దిమ్మిస కొట్టాలి. పెళ్లగించడానికి? బాక్స్ బ్లేడ్. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నవాడికి కచ్చితంగా కంకర దారి ఉండి ఉంటుంది.

అసలు దారి అడిగేవి రెండే: నీళ్లు పక్కకు పోవాలి, జనం నెమ్మదిగా రావాలి. ఈ రెండూ ఏ షోరూములోనూ అమ్మరు. అమ్మరు కాబట్టే మిగతావన్నీ అమ్ముతారు.

అందువల్ల, మహాప్రభో, ఈ గృహస్థు కోరేది పెద్దదేమీ కాదు. మిజోరీలో డి. వార్డ్ కింగ్ అనే రైతు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక దుంగను నిలువునా చీల్చి, రెండు ముక్కల్నీ ఒకదాని వెనకొకటి కట్టి, వాన వెలిశాక గుర్రాల చేత దారి మీద లాగించి, ఊళ్లకు ఊళ్లకే మట్టిరోడ్లు బాగుచేసుకోవడం నేర్పాడు. హైడ్రాలిక్స్ లేవు, వాయిదాలు లేవు. మా పెరటి అడవిలో గాలికి పడిపోయిన ఓక్ చెట్టు ఎటూ ఉంది. ఆ దుంగ చాలు నాకు అని డీలర్‌తో తెగేసి చెప్పాను.

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. దివ్యమైన ఆలోచన అన్నాడు. దుంగను అడవిలోంచి బయటికి తేవడానికి ట్రాక్టర్ ముందు తగిలించే గ్రాపుల్ ఒకటి కావాలన్నాడు. దానికి హైడ్రాలిక్ లైను మాత్రం విడిగా వేయించుకోవాలట.