కట్టకు రంగేశాం, ఇక వాన రావచ్చు

చెరువుకట్ట మీద సిమెంటు బెంచీ వేయించినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. తూము తలుపుకు గ్రీజు పూసినవాడి పేరు మస్టర్ రోల్‌లో కూడా ఉండదు. మన నీటిపారుదల విధానం మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. మిగతాదంతా టెండర్లు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈమధ్య ఒక ఉబలాటం పట్టుకుంది. పాత మట్టికట్ట ఎక్కడ కనపడినా దాన్ని టూరిజం స్పాట్ చేసెయ్యాలి. ముందు ‘ఐ లవ్’ అని రాసి, ఎర్రగుండె బొమ్మ పెట్టి, పక్కన ఊరిపేరు. తర్వాత రైలింగు. రైలింగుకు రంగులు, ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త రంగులు. ఆపైన లైట్లు, ఐస్‌క్రీం బండి, బాతు ఆకారంలో తొక్కుడు పడవలు. ప్రారంభోత్సవం రోజు నాయకుడు లైఫ్ జాకెట్ లేకుండానే పడవెక్కి చెయ్యూపుతాడు. ఏంచేస్తాడు పాపం, జాకెట్ వేసుకుంటే కండువా కనపడదు.

ఇదంతా కట్టకు నీళ్లవైపు జరిగే ముచ్చట. ఫొటోగ్రాఫరు అటు తిరిగే నిలబడతాడు కాబట్టి అవతలి వాలు ఎవరి కంటా పడదు. అక్కడ సర్కారు తుమ్మ అడవిలా పెరిగి ఉంటుంది. దాని వేళ్లు కట్ట కడుపులోకి దూరతాయి. చెట్టు ఎండితే వేరు కుళ్లి, ఆ దారి నీటికి సొరంగమవుతుంది. ఎండ్రకాయలూ పందికొక్కులూ ఎవరి అనుమతీ లేకుండా తమ వంతు తవ్వకాలు సాగిస్తుంటాయి. కట్ట అడుగున మట్టి ఇటుకబట్టీకో వెంచర్‌కో ట్రాక్టర్లెక్కి పోతుంది. ఇక నల్లరేగడి సంగతి పత్తిరైతును అడగండి. వేసవిలో నెర్రెలు విచ్చితే అందులో చెయ్యి మోచేతిదాకా దిగుతుంది. ఆ మన్ను కట్టలో ఉన్నా దాని గుణం మారదు. రైలింగుకు రంగేశామని అది మనసు మార్చుకోదు.

మట్టికట్ట తెగడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, నీళ్లు కట్ట పైనుంచి పొర్లి వెనక వాలును కోసుకుపోవడం. రెండోది, లోపల బుంగపడి మన్ను కొద్దికొద్దిగా కొట్టుకుపోవడం. మొదటిదానికి అలుగు సరిగా ఉండాలి, గేట్లు లేవాలి. రెండోదానికి ఎవరో ఒకరు రోజూ కట్ట దిగువన నడిచి ఊట చూడాలి. ఊట తేటగా, పెరక్కుండా వస్తుంటే మట్టికట్టకు మామూలే. అది బురదరంగు తిరిగిందంటే కట్ట లోపలి మన్ను బయల్దేరిందన్నమాట. ఈ తేడా చెప్పడానికి ఉపగ్రహం అక్కర్లేదు, కట్ట కాసే ఒక లస్కరు చాలు. ఆ లస్కరు రిటైరై చాలాకాలమైంది. ఆ పోస్టు ఖాళీ. ఖాళీ పోస్టు మాత్రం కట్టకంటే పటిష్ఠంగా ఏళ్ల తరబడి నిలబడుతుంది.

‘కట్ట పటిష్ఠంగా ఉంది, ప్రజలు ఆందోళన చెందవద్దు, వదంతులు నమ్మవద్దు.’ ఈ ప్రకటన తయారుగా ఉంటుంది, చెరువు పేరు నింపుకుంటే సరి. జీపు దిగకుండానే ఇవ్వవచ్చు.

గుండ్లకమ్మనే తీసుకోండి. నల్లమలలో పుట్టి, మన మిర్చి చేలనూ పత్తి చేలనూ చూసుకుంటూ సముద్రానికి పోయే ఏరు. పైన కంభం దగ్గర రెండు కొండల మధ్య దీనికి మట్టికట్ట వేశారు. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. సుమారు ఐదువందల ఏళ్లనాటి కట్ట అది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏటికి కింద మల్లవరం దగ్గర కాంక్రీటు, ఉక్కు, ఇంజినీరింగ్ పట్టాలు అన్నీ కలిపి కట్టిన రిజర్వాయరు 2008లో ప్రారంభమైంది. 2022 ఆగస్టు చివర్లో దాని మూడో గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో తుపాను వెంటే రెండో గేటూ పోయింది. ముందటేడు మూడు, మరుసటేడు రెండు. లెక్క వెనక్కి నడుస్తోందని, ఇంకొక్కటే మిగిలిందని రైతులు గొణుక్కుని ఉంటే తప్పు పట్టలేం. ఒంగోలుకు తాగునీళ్లివ్వడమూ ఈ ప్రాజెక్టు పనే. అంతకుముందు 2021 ఆగస్టులో పులిచింతల పదహారో గేటు ఊడిపోయింది. మనవాళ్లు నీటిని దాచుకోవడానికి ప్రాజెక్టులు కడతారు. గేట్లను దాచుకోవడానికి ఏం కట్టాలో ఇంకా తేలలేదు.

వరదరాజమ్మ కట్టను ఇన్నాళ్లూ నిలబెట్టింది పర్యాటక ప్యాకేజీ కాదు. ఎవరో ఒకరు దాన్ని చూసుకుంటూ వచ్చారు, అంతే. ఇప్పుడు వారసత్వ గుర్తింపు వచ్చింది కాబట్టి ఇక చూసుకోనక్కర్లేదనుకుంటారేమో అన్నదే నా దిగులు.

2020లోనే అదే గుర్తింపు పొందిన మరో చెరువు కడప జిల్లా పోరుమామిళ్లది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. 1369 నాటి శాసనం అక్కడే ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో లెక్క రాశారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, చెరువుకు పనికిరాని దోషాలు ఆరు చెప్పారు. అందులో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం!

ఆ రెండో దోషం చదివితే నాకు పెద్దవాగు గుర్తొస్తుంది. ప్రాజెక్టేమో తెలంగాణలో, అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లిలో. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో. మరమ్మతు ఎవరు చెయ్యాలి? ఇద్దరూ చెయ్యాలి, అంటే ఎవరూ చెయ్యనక్కర్లేదు. 2024 జులై 18న వరదొచ్చింది. మూడు గేట్లలో ఒకటి మొరాయించింది. ఆ రాత్రి మట్టికట్టకు గండిపడి కింద వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లు మునిగాయి. నీళ్లు మాత్రం సరిహద్దు దగ్గర ఆగి ఏ రాష్ట్రం ఖాతాలోకి పోవాలని అడగలేదు. పధ్నాలుగో శతాబ్దపు శాసనకారుడికి తట్టిన సంగతి రెండు సచివాలయాలకు తట్టలేదు.

చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కథ ఇంకా ఘోరం. 2021 నవంబరు 19 తెల్లవారేలోపు పైన పింఛ ప్రాజెక్టు రింగుబండు తెగింది. ఆ నీళ్లూ చెయ్యేటి వరదా కలిసి అన్నమయ్య మీద పడ్డాయి. ఉన్న గేట్లు ఐదు, అందులో ఒకటి పనిచేయదు. మట్టికట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో పదుల ప్రాణాలు పోయాయి. ఒక గేటుకు సమయానికి బాగుచేత జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పడం నా పని కాదు. చెప్పాల్సినవాళ్లు దాన్ని ‘అసాధారణ వరద’ అన్నారు. గేటు లేవకపోవడం మాత్రం సాధారణమే కాబట్టి దాని ఊసు తక్కువ.

ఆ ఏడాది చివర్లోనే ఆనకట్టల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. మంచి చట్టమే. పదిహేను మీటర్లకు మించిన ఎత్తుంటే దాని పరిధిలోకి వస్తుంది. పదికీ పదిహేనుకూ మధ్య ఉంటే పొడవో, నిలవో, వరదో, ఏదో ఒక షరతు నెరవేరాలి. పది మీటర్లలోపు అయితే దాని కంటికి ఆనదు. మన ఊరి చెరువులు చాలావరకు ఆ ఆనని జాబితాలోవే. ఎనిమిది మీటర్ల కట్ట తెగితే వచ్చే నీళ్లు చట్టం పరిధిలోకి రావు కాబట్టి వాటిలో కొట్టుకుపోయిన మిర్చి కల్లం కూడా చట్టబద్ధంగా కొట్టుకుపోనట్టే లెక్క.

కట్ట మీద విహారం అనే విద్యలో మనకు గురువులు అమెరికాలో ఉన్నారు. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అని ఒక మట్టి ఆనకట్ట. కాలువలకు నీళ్లివ్వడానికి కట్టి 1853లో పూర్తిచేశారు. రైళ్లొచ్చాక దాని అవసరం తీరింది. మధ్యలో ఒక యజమాని అడుగునున్న ఇనుప గొట్టాలు పీకి పాతసామానుకు అమ్ముకున్నాడు. 1879లో పిట్స్‌బర్గ్ ధనవంతులు చేపలవేట క్లబ్బు పెట్టుకుని దాన్ని కొన్నారు. కార్నెగీ, ఫ్రిక్ లాంటివాళ్లు సభ్యులు. గొట్టాలు మళ్లీ వేయలేదు. రెండు గుర్రబ్బండ్లు ఎదురెదురు పోవడానికి కట్టపైభాగం చెక్కి తగ్గించారు. ఖరీదుపెట్టి తెచ్చిన చేపలు పారిపోకుండా అలుగుకు జాలీలు బిగించారు. మన చెరువుల వేలంపాటదారు అలుగుకు వల కట్టడం చూసినప్పుడల్లా, వీడు కార్నెగీ సంతతే అనిపిస్తుంది. కింద జాన్స్‌టౌన్ ఇనుప కర్మాగారంవాళ్లకు అనుమానమొచ్చి 1880లో ఇంజినీరును పంపి లోపాలు రాయించారు. క్లబ్బు అధ్యక్షుడు బదులిచ్చాడు. మీకూ మీ జనానికీ మావల్ల ఏ ముప్పూ లేదన్నది దాని సారాంశం. మన ప్రకటనకు మూలప్రతి అదేనేమో. 1889 మే 31న కట్ట తెగింది. 2,209 మంది చచ్చిపోయారు. దావాలు వేస్తే క్లబ్బు మీద ఒక్కటీ నిలవలేదు. దైవికం అని తేలిపోయింది.

విహారంలో ముప్పు కట్టది ఒక్కటే కాదు, పడవదీ ఉంది. ఒంగోలువాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర తిరగబడిన పడవలో పోయినవాళ్లు ఎక్కువమంది ఆ ఊరివాళ్లే. అనుమతిలేని పడవ, చాలని లైఫ్ జాకెట్లు. తర్వాత కొన్నాళ్లు తనిఖీలు జోరుగా జరిగాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మరో పడవ మునిగింది. మళ్లీ జోరుగా తనిఖీలు.

చెరువుకట్ట మీద జనం తిరగడం మంచిదే, నాకు అభ్యంతరం లేదు. సాయంత్రం నాలుగు కాళ్లు నడిచే కట్ట మీద కంప పెరగదు, బుంగ పడితే ఎవరో ఒకరు కేకేస్తారు. అందుకని బాతు పడవ టిక్కెట్టు కొనేముందు కౌంటర్లో కుర్రాణ్ని మూడు అడుగుదామంటాను. బాబూ, ఈ తూము తలుపు ఆఖరుసారి ఎప్పుడెత్తారు? కట్ట వెనక ఊట నిన్న ఏ రంగులో ఉంది? అర్ధరాత్రి అలుగు దాటితే కింద ఊరికి ఫోను చేసేదెవరు?

‘అవన్నీ ఇరిగేషన్ వాళ్లవి సార్. మాది టూరిజం.’

ఇరిగేషన్ వాళ్లెక్కడుంటారు నాయనా?

‘ఎదురుగా ఆ గెస్ట్‌హౌస్ లేదూ, అందులో ఉండేవాళ్లు. రిసార్టు చేశాక ఖాళీ చేశారు. పెద్దలకు వంద, పిల్లలకు యాభై. ఎన్ని టిక్కెట్లు కొట్టమంటారు?’